అలుపు డబ్బా

కొత్తచెలక కొనుగోలు కేంద్రంలో, తేమ చూసే యంత్రం పక్కన, ఆ యాసంగి కోతలప్పుడు ఇంకో డబ్బా వచ్చి కూర్చుంది. చూడటానికి కుట్టుమిషను పెట్టె అంత ఉంటుంది. పైన చిన్న గిన్నె, ముందు ఒక అద్దం. గుప్పెడు వడ్లు గిన్నెలో పోస్తే లోపల రబ్బరు చక్రాలు గరగరమంటూ పొట్టు ఒలుస్తాయి. ఊదారంగు వెలుగొకటి వెలిగి ఆరిపోతుంది. అద్దం మీద నంబరు పడుతుంది. కాగితాల్లో దాని పేరు శ్రమమాపకం. ఊళ్లో మాత్రం మొదటి పూటే దానికి అలుపు డబ్బా అని పేరు స్థిరపడిపోయింది.

ఆ డబ్బాను తయారు చేసిన డాక్టర్ హైమావతి ట్రాక్టరు నీడన నిలబడి చూస్తోంది. అది ఆమె పుట్టిన ఊరే. వరుసలో నిలబడ్డవాళ్లలో ఆమె అక్క సరోజన ఉంది. సరోజనకు ముందు లచ్చవ్వ, వెనక రాజవ్వ.

"ఓ నరేందరూ, మా ఆయినెను గూడ అండ్ల కూసోబెట్టి సూడు. సున్న కన్న కిందికి పోతడేమో" అంది లచ్చవ్వ, కేంద్రం గుమస్తాతో.

వడ్ల కుప్ప అంచున కూర్చున్న ఆమె భర్త నోట్లో బీడీ తీసి, "నన్నెందుకే, నీ నోరు పెట్టు. డబ్బా పగిలిపోతది" అన్నాడు.

అందరూ నవ్వారు. హైమ కూడా నవ్వింది. నవ్వి చాలా రోజులైందని ఆమెకు అప్పుడు గుర్తొచ్చింది.

ఏటేటా యూరియా బస్తా పెరుగుతుంది. డీజిలు పెరుగుతుంది. కోత మిషను గంట కిరాయి పెరుగుతుంది. వాటన్నిటికీ రసీదులుంటాయి. ఇంటి మనుషులు పొద్దు పొడవకముందే మడిలో దిగి చేసే పనికి రసీదు ఉండదు. ధరలు నిర్ణయించే పెద్దల ముందు ఆ కష్టం సంగతి ఎవరెన్నిసార్లు చెప్పుకున్నా మాటగానే మిగిలిపోయేది. కొలత లేనిదానికి ధర ఎలా కడతాం అనేవారు వాళ్లు. హైమ కొలత తెచ్చింది. అలసిన మనిషి చెమటలోంచి, పగిలిన పాదాల్లోంచి ఒక పదార్థం మడి నీళ్లలోకి దిగుతుందనీ, వరి వేళ్లు దాన్ని పీల్చుకుంటాయనీ, గింజ పాలుపోసుకునే వేళ అది తవుడు పొరలో చేరుతుందనీ ఆమె కనిపెట్టింది. మిల్లులో పాలిష్ పట్టగానే అది పోతుంది. అన్నం తినేవాళ్ల నాలుకకు ఏమీ తగలదు. కానీ పొట్టు తీసిన గింజ మీద ఊదా వెలుగు వేస్తే సన్నగా మెరుస్తుంది. ఎంత అలుపో అంత మెరుపు. ఎంత మెరుపో మద్దతు ధర మీద అంత అదనం.

మిషనుతో నాటించిన ఒక ఆసామికి ఆరు పడింది. అతను గొణుక్కుంటూ పక్కకు జరిగాడు. కాలువ అవతల ఎకరన్నర ఒక్కడే చేసుకునే కొమురయ్యకు అరవై ఒకటి పడింది. కొమురయ్య ఆ నంబరును రెండుసార్లు చదివించుకుని, తలకు చుట్టుకున్న తువ్వాల తీసి ముఖం తుడుచుకున్నాడు.

తర్వాత లచ్చవ్వకు ఇరవై ఎనిమిది పడింది. సరోజనకు ఇరవై ఏడు. రాజవ్వకు ఇరవై ఆరు.

"గంతేనా?" అంది సరోజన.

"డబ్బా అబద్ధమాడది పెద్దమ్మా. మీ చెల్లె జేసిందే గదా" అన్నాడు నరేందర్.

ఆ ముగ్గురితో పాటు ఇంకో ముగ్గురు ఆడవాళ్లవి పక్కపక్క మడులు. ఏళ్ల తరబడి వాళ్లది బదులు పని. ఇవాళ ఒకరి మడిలో ఆరుగురూ దిగుతారు, రేపు ఇంకొకరి మడిలో. కూలి మాట ఉండదు. దినానికి దినం బదులు, అంతే. ఆ ఆరుగురిలో ఒక్కరి నంబరూ ముప్పై దాటలేదు.

రాజవ్వ ట్రాక్టరు దగ్గరికి వచ్చింది. యాభై అయిదేళ్ల మనిషి, బక్కపలచగా ఉంటుంది. ఆమె గొంతులో కోపం లేదు.

"బిడ్డా, మేం తక్కువ జేసినమా?" అని అడిగింది.

అడిగి, తన పాదాల వంక చూసుకుంది. పగుళ్లలో నల్లటి బురద ఇంకా ఉంది. అది కడిగినా పోదు.

"ఏదో పొరపాటు జరిగి ఉంటది రాజవ్వా. నేను చూస్త" అంది హైమ.

*

హైమ హైదరాబాదులోని తన ప్రయోగశాలకు ఆ ఆరుగురి వడ్ల సంచులు తెచ్చుకుంది. మూడుసార్లు కొలిచింది. నంబర్లు మారలేదు.

నేల చూసింది, నీళ్లు చూసింది, విత్తనం చూసింది. కొమురయ్య మడికీ అక్క మడికీ మధ్య కాలువ తప్ప తేడా లేదు. పని గంటలు లెక్క వేస్తే అక్కవే ఎక్కువ. వారం రోజులు ఆ కాగితాలు ముందు పెట్టుకుని కూర్చుంది. ఎనిమిదో రోజున బల్ల సొరుగు లాగి గాజుసీసా బయటికి తీసింది.

అందులో గుప్పెడు వడ్లున్నాయి. పదకొండేళ్ల కిందట పురుగుమందుల జాడ వెతకడానికి ఊళ్ల నుంచి వడ్లు తెప్పించినప్పుడు, వాళ్ల అమ్మ తన దోసిట్లో కొలిచి సంచీ కుట్టి పంపినవి. ఆ గింజ మీదే హైమ మొదటిసారి ఆ మెరుపు చూసింది. ఇది ఎక్కడిదమ్మా అని అడుగుదామనుకుంది. ఫలితం తేలేనాటికి అమ్మ లేదు. తర్వాత ఎన్ని వందల ఊళ్ల వడ్లు చూసినా అంత మెరిసే గింజ దొరకలేదు. అందుకని దాన్నే నూరుగా పెట్టుకుని మిగిలిన కొలతలన్నీ దాని కింద గీసుకుంది.

సీసా చేతిలో పట్టుకుని కూర్చుంటే, ఆ ఏడు అక్క ఫోనులో అన్న మాట ఒకటి గుర్తొచ్చింది. "అమ్మ బదులుకు వస్తలేదే. నడుం వంగుతలేదట. పదిమందిల వెనకబడితే నా బదులు ఎట్ల తీరుతది అంటంది. కాలువ పక్క మడి ఒక్కతే నాటుకుంటంది. నేను దిగుతనన్నా రానిస్తలేదు."

అప్పుడా మాట విని సరేలే అనుకుంది. ఏదో పరీక్షల పనిలో ఉంది.

హైమ నోటు పుస్తకం తెరిచి, తేదీ వేసి, ఒకే వాక్యం రాసింది: నేను కొలిచింది పనిని కాదు.

అదే పని నలుగురు కలిసి చేస్తే శరీరం ఆ పదార్థాన్ని అంతగా విడవదు. పక్కన మనిషి లేకుండా, ఆగే వీలు లేకుండా చేసినప్పుడే విడుస్తుంది. అమ్మ ఒక్కతే నాటింది గనుకనే అమ్మ గింజ మెరిసింది. దాన్ని నూరు అనుకుని గీసిన కొలబద్ద, మొదటి నుంచీ ఒంటరితనానికే ధర కడుతోంది.

సంస్థ డైరెక్టరు రంగనాథం ఆమె చెప్పిందంతా ఓపికగా విన్నాడు. మంచివాడు. రెండేళ్లలో పదవీ విరమణ. కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"మీరన్నది నిజమే కావచ్చు హైమగారూ. కానీ ఇప్పుడు డబ్బా తప్పని మనమే రాసిచ్చామనుకోండి, ఏం చేస్తారు? సరిదిద్దరు. తీసేస్తారు. ఆ అదనం ఎప్పుడు ఎత్తేద్దామా అని చూసేవాళ్లు ఎంతమంది లేరు? ఒక్క సంతకంతో లక్షలమంది రైతులకు పోతుంది."

"మరి ఇట్లాగే ఉంచడమా సార్?"

"మూడు పంటలు ఆగండి. కొత్త కొలత తయారు చేసుకుని, అది చేతిలో పట్టుకుని చెబుదాం. వట్టి చేతులతో వెళ్లి తప్పు ఒప్పుకుంటే ఉన్నది కూడా పోతుంది."

తువ్వాలతో ముఖం తుడుచుకున్న కొమురయ్య ఆమెకు గుర్తొచ్చాడు. ఆగుతానంది.

*

వానకాలం నాట్లకు రెండు రోజులు సెలవు పెట్టి ఊరికి వెళ్లింది. కాలువ నీళ్లు ముందుగా అందేది సరోజన మడికే గనుక బదులు ఎప్పుడూ అక్కడే మొదలవుతుంది. ఆరుగురూ వరసగా నిలబడి, ఎవరి ముందు వాళ్ల మునుం, తమ వంతు పట్టీ, పట్టుకుని, వంగి నాటుకుంటూ వెనక్కి నడుస్తున్నారు. హైమ ఒడ్డు మీద కూర్చుంది.

"లచ్చవ్వా, నీ నారు మొగనిమీది కోపంతోటి గుచ్చుతున్నవా ఏంది, మొక్క తల గూడ మునుగుతంది" అంది రాజవ్వ.

"మునగనీ అక్కా. ఆడు గూడ గట్లనే మునిగితే బాగుండు."

"మునిగితే బీడీలకు పైసలు మిగుల్తయి" అంది సరోజన. నవ్వులు ఒడ్డు దాకా వచ్చాయి.

హైమ నవ్వులు వినలేదు, చేతులు చూస్తోంది. ఒకామె నడుం పట్టుకుని నిటారుగా లేస్తుంది. ఆమె ఊపిరి తీసుకునే లోపల పక్కామె చేయి చాచి, ఆమె మునుంలో కూడా రెండు మొక్కలు గుచ్చుతుంది. ఎవరూ అడగరు. ఎవరూ చూడరు కూడా. లేచినామె మళ్లీ వంగేసరికి వరస వెనకబడి ఉండదు. ఎప్పుడు ఆగినా పని ఆగినట్టు కాదు. ఆ రెండు మొక్కలే తన డబ్బాలో నంబరు తగ్గిస్తున్నాయని హైమకు అర్థమైంది.

పొద్దు గూకే వేళ అక్క బువ్వ పెడుతూ అడిగింది. బావ మల్లేశం గడప మీద కూర్చుని పారకు కట్టె బిగిస్తున్నాడు.

"మా వడ్లు ఎందుకు తక్కువ పడ్డయో చూస్తనంటివి. చూసినవా?"

హైమ పళ్లెంలో వేలు కదిలించింది.

"తెల్వదా, తెలిసీ చెప్తలేవా?"

అక్కకు ఆమె ఎన్నడూ అబద్ధం చెప్పలేదు. ఇప్పుడూ నిజమే చెప్పింది. సర్కారుకు చెప్పవలసిన మాట అక్కకు చెప్పింది.

సరోజన గరిటె మళ్లీ కుండలో పెట్టేసింది.

"అంటే నవ్వుకుంట జేస్తే తక్కువనా?"

"అవునక్కా."

"ఏడ్చుకుంట జేస్తే?"

"ఏడ్చినా, పక్కన మనిషుంటే తక్కువే."

మల్లేశం పార పక్కన పెట్టాడు. "మంచిగనే కనిపెట్టినవ్ మరదలా" అన్నాడు. ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. అదే ఆమెకు బాధగా తోచింది.

మర్నాడు రాజవ్వ వంతు. ఆరుగురూ నారుకట్టలతో ఆమె మడి ఒడ్డున చేరారు. సరోజనకు దాచుకోవడం చేతకాలేదు.

"నా మడి నాటిచ్చుకున్నంక చెప్తున్న, తప్పు నాదే" అని మొదలుపెట్టి, చెల్లెలు చెప్పిందంతా చెప్పింది.

ఆ ఏడు దుక్కి కిరాయి పెరిగింది. యూరియా మందు బస్తా రెండుసార్లు పెరిగింది. ఆ నంబరు ముప్పై నుంచి అరవైకి పోతే ఎవరింట్లో ఏ పని గట్టెక్కుతుందో ఎవరికి వారికి తెలుసు.

చివరికి రాజవ్వే మాట్లాడింది. "అయితే ఎవల్ది వాల్లమే జేసుకుందాం తీయిరి. కోపమేం లేదు."

ఆమె తన నారుకట్టలు తీసుకుని ఒక్కతే మడిలోకి దిగింది. మిగిలినవాళ్లు ఒకరి వెంట ఒకరు ఒడ్డు మీదుగా వెళ్లిపోయారు. సరోజన మడిలో రాజవ్వ ఒక దినం పని చేసింది. ఆ దినం బదులు తీరకుండా అలాగే ఉండిపోయింది.

*

పది రోజుల తర్వాత ఒక ఆదివారం హైమ మళ్లీ వచ్చింది. వానలు మొహం చాటేశాయి. ఉక్కగా ఉంది.

బస్సు దిగి పొలాల్లోకి నడుస్తుంటే ఏదో తక్కువైనట్టనిపించింది. ఏమిటో కాసేపటికి గాని తెలియలేదు. మాటలు లేవు. మడికొక మనిషి. ఎక్కడా సెల్‌ఫోనులో పాట కూడా మోగడం లేదు. మాట్లాడితే నంబరు తగ్గుతుందని మొదట అన్నారట. తర్వాత పాట వింటే తగ్గుతుందన్నారు. ఆ తర్వాత, పక్క మడి మనిషి వైపు చూస్తే కూడా తగ్గుతుందన్నారు. మధ్యాహ్నం సద్దులు విప్పుకున్నప్పుడు ఎవరి ఒడ్డు మీద వాళ్లు, అవతలి మనిషికి వీపు తిప్పి కూర్చుని తిన్నారు.

ఆరుగురూ కలిసి ఆ రోజు నాటగా మిగిలిన మడిలో సరోజన సగమే నాటగలిగింది. నారు ముదిరిపోయి, పీకుతుంటే వేళ్లు తెగుతున్నాయి. హైమ చెప్పులు విడిచి, చీర కుచ్చిళ్లు ఎత్తి దోపుకుంది.

"దిగకు!"

అక్క అరుపుకు ఒడ్డు మీదే ఆగిపోయింది.

"దిగకే. నంబరు పడిపోతది."

"అక్కా, ఇట్లా అయితే ప్రాణం పోతది."

"పోతే ఇంకింత ఎక్కువొస్తది" అంది సరోజన. నవ్వడానికి చూసింది గాని నవ్వు రాలేదు. "నీకు చేతనైతే మందు ధర తగ్గించు పో. గీ మాట మాట్లాడుడు గూడ దండుగే. పో అవతలికి."

రెండు మడుల అవతల రాజవ్వ వంగి నాటుతోంది. హైమను చూసి చేయి ఎత్తబోయి, ఏదో గుర్తొచ్చినట్టు దించేసుకుంది.

హైమ చెప్పులు చేత్తో పట్టుకుని ఇంటికి నడిచింది. నివేదిక రాయాలనుకుంది. మూడు పంటల మాట గుర్తొచ్చింది. ఇది ఇంకా మొదటి పంట. కొత్త కొలత సగం కూడా తయారు కాలేదు. ఒక నెల, రెండు నెలలు గట్టిగా కూర్చుంటే అవుతుందనుకుంది.

గురువారం ఫోను వచ్చింది.

*

"నేను చూసిన" అంది సరోజన.

రాజవ్వ దహనం అయిపోయింది. అక్కాచెల్లెళ్లిద్దరూ పెరటి బండ మీద కూర్చున్నారు. మల్లేశం రెండు గ్లాసుల్లో చాయ పోసి పెట్టి వెళ్లాడు. అవి చల్లారిపోయాయి.

"పన్నెండు గొట్టంగ కావచ్చు. నడుం పట్టుకోని లేచింది. మల్ల నీళ్లల్లనే కూసున్నది. నేను చూసిన హైమా. పిలుద్దామనుకున్న. పిలిస్తే మాటయితది. దగ్గరికి పోతే మనిషి తోడయితది. పొద్దుగాల్నుంచి ఒక్కతే కష్టపడ్డది, నేను పోయి పాడు జేసుడెందుకనుకున్న." కొంగుతో నోరు తుడుచుకుంది. "నా నంబరు గాదే. ఆమె నంబరు."

హైమ ఒక గ్లాసు అక్క వైపు జరిపింది.

"జరసేపటికి ఒరిగింది. నిద్ర పోతందనుకున్న. నీళ్లల్ల ఎవలన్న నిద్ర పోతరా? గంత తెలివి లేదా నాకు?"

"అక్కా."

"నా మడిల నాటేసి పోయింది. ఆమె దినం నా మీద ఉన్నది. పోయే కాలానికి రెండు మడుల దూరంల ఉండి, చూసుకుంట నాటేసిన."

హైమ ఆ చల్లారిన చాయ తాగింది. అక్క కోసం పోసిన గ్లాసు అలాగే ఉంది.

*

రాజవ్వ సగం వదిలిన నాటు ఆమె భర్త పోచయ్య పూర్తి చేశాడు. కలుపు తీసింది, నీళ్లు కట్టింది, మందు చల్లింది అతనొక్కడే. సాయం వస్తామని అడగడానికి ఎవరికీ నోరు రాలేదు. అడిగితే ఆ చచ్చిన మనిషి కష్టం విలువ తగ్గించినట్టవుతుందనుకున్నారు.

కార్తీకంలో వడ్లు కేంద్రానికి వచ్చాయి. హైమ వెళ్లింది. వెళ్లకుండా ఉండలేకపోయింది. నరేందర్ గుప్పెడు వడ్లు గిన్నెలో పోశాడు. చక్రాలు గరగరమన్నాయి. వెలుగు వెలిగి ఆరింది.

నూరు.

నరేందర్ అద్దం తుడిచి మళ్లీ పోశాడు. నూరే. అక్కడున్నవాళ్లంతా దగ్గరికి వచ్చారు. జిల్లా మొత్తం మీద అంత పడలేదని ఎవరో అన్నారు. ఎవరో ఫోటో తీశారు. అమ్మ గింజ దగ్గర గీసుకున్న గీత అది. అందులో రాజవ్వ నాటిన నాటుంది. ఆ తర్వాత నాలుగు నెలలు పోచయ్య ఒక్కడే నడిచిన ఒడ్డు కూడా ఉంది.

పోచయ్య చీటీ తీసుకుని మడతపెట్టి జేబులో పెట్టుకున్నాడు. జనం పలచబడ్డాక హైమ దగ్గరికి వచ్చాడు.

"బిడ్డా, సదువుకున్నదానివి. నూరంటే మంచిదే గదా?"

ఆమె నోరు తెరిచింది. అతను కాసేపు ఆగి, తనే తల ఊపుకుని వెళ్లిపోయాడు.

తిరుగు బస్సులోనే నివేదిక రాసింది. నాలుగు పేజీలు. కొలబద్ద తప్పు ఎక్కడుందో, తనకు ఎప్పుడు తెలిసిందో, తెలిసి ఎన్ని నెలలు ఊరుకుందో తేదీలతో సహా రాసింది. రంగనాథం చదివి, కాగితాలు సర్ది ఆమెకే ఇచ్చాడు. ఆమెను ఆపలేదు. సంతకం మాత్రం చేయలేదు. ఆమె ఒక్క సంతకంతోనే అది పైకి వెళ్లింది.

ఆయన చెప్పినట్టే జరిగింది. ఎవరూ కొలత సరిదిద్దలేదు. డబ్బాలు వెనక్కి రప్పించారు, అదనం రద్దు చేశారు. ధర మళ్లీ పాత చోటికి వచ్చింది. ఖర్చులు మాత్రం పాత చోటికి రాలేదు.

కొమురయ్య ఎవరి దగ్గరో నంబరు తీసుకుని ఫోను చేశాడు.

"అరవై ఒకటి నువ్వే ఇస్తివి, నువ్వే గుంజుకుంటివి. మాకు చెప్పినవా, అడిగినవా? మేం ఏం జేసినం నీకు?"

అతను తిట్టినంతసేపూ ఫోను చెవి దగ్గరే పెట్టుకుని ఉంది. అతను అలిసిపోయి పెట్టేశాక గాని దించలేదు.

*

యాసంగి నాట్లప్పుడు ఊరికి వెళ్లింది. అక్కకు ఫోనులో కాక ఎదురుగా చెప్పాలనిపించింది. కొనుగోలు కేంద్రం ముందు నుంచి నడుస్తుంటే, బల్ల మీద డబ్బా ఉన్నచోట దుమ్ము పట్టని చదరం ఒకటి కనిపించింది.

అక్క ఇంట్లో లేదు. మడిలోనూ లేదు. హైమ ఒడ్ల మీదుగా వెతుక్కుంటూ వెళ్లింది. ఎండ పసుపుపచ్చగా, వేడి లేకుండా ఉంది. రాజవ్వ మడిలో అయిదుగురు ఆడవాళ్లు వంగి ఉన్నారు. ఒడ్డు మీద పోచయ్య నారుకట్టలు అందిస్తున్నాడు. ఈసారి మడి బీడు పెడతానన్నాడట అతను. అయిదుగురూ అడక్కుండానే వచ్చి దిగారట.

ఆమెను చూడగానే మాటలు ఆగిపోయాయి.

"అక్కా, అదనం పోయింది" అంది హైమ.

"తెలుసు."

"నా వల్లనే పోయింది."

"గది గూడ తెలుసు." సరోజన వంగే ఉంది. చేతులు ఆగలేదు. "కొమురయ్య తిట్టిండట గదా. తిట్టనీ. నేను గూడ తిట్టిన. గీ మందు ఖర్చు ఎట్ల ఎల్లాలె ఈసారి? నీ నోరు ముందే లెవ్వకపోయె. లేచినంక మాదంత ఊడ్సుకపోయె."

హైమ తల దించుకుంది. ముందే చెప్పవలసింది చెప్పలేదు, చెప్పినప్పుడు వాళ్లను అడగకుండా చెప్పింది. రెండూ నిజమే.

వరసలో ఒకచోట ఒక మునుం ఖాళీగా ఉంది. అయిదుగురే ఉన్నా ఆరుగురికి సరిపడా మునుంలు పట్టుకుని, రాజవ్వది నడుమ వదిలి, అటూ ఇటూ ఉన్నవాళ్లు వంతులేసుకుని నాటుతున్నారు.

"గియ్యాల రాజవ్వ దినం" అంది లచ్చవ్వ, హైమ వైపు చూడకుండా. "మేం బదులు తీర్చుకుంటున్నం. నిలబడి సూసెటోళ్లు ఒడ్డు తొక్కకుండ నిలబడితే మంచిది, తెగుతది."

సరోజన తల ఎత్తింది. చెల్లెలి ముఖం చూసింది. ఆ ముఖంలో అక్కకు ఏం కనిపించిందో తెలియదు. పక్కన తేలుతున్న నారుకట్ట ఒకటి తీసి, తడి విదిలించి, విసిరింది. అది ఆ ఖాళీ మునుంలో దబ్బున పడింది. బురద నీళ్లు హైమ చీర మీద చిందాయి.

హైమ చెప్పులు విడిచి దిగింది. నీళ్లు చల్లగా పాదాల్ని కోశాయి. కట్ట విప్పి, నాలుగు మొక్కలు విడదీసి గుచ్చింది. ఒకటి తేలిపోయింది. మళ్లీ గుచ్చింది.

"సదువుకున్నోళ్ల నాటు సూడుండ్రి, కోడి గీరినట్టున్నది" అంది లచ్చవ్వ.

"నీ మొగని కన్న నయమేలే" అన్నారెవరో. ఒకరిద్దరు నవ్వారు. పెద్ద నవ్వు కాదు. పోచయ్య ఒడ్డు మీద నుంచి ఇంకో కట్ట వేశాడు.

పావుగంట గడిచేసరికి హైమ నడుం పట్టేసింది. అమ్మ ఒక్కతే కాలువ పక్క మడి ఎన్ని రోజులు నాటిందో, అప్పుడు అడగనేలేదు. వేళ్లు తిమ్మిరెక్కాయి. వరస తనను దాటి వెనక్కి వెళ్లిపోతోందని తెలుస్తూనే ఉంది. ఇక ఆగలేక, నడుం మీద చేయి పెట్టుకుని నిటారుగా లేచింది. కళ్లు మూసుకుని ఒక ఊపిరి తీసుకుంది.

మళ్లీ వంగేసరికి ఆమె మునుంలో రెండు మొక్కలు అప్పటికే నాటి ఉన్నాయి. పక్కన అక్క తలెత్తలేదు.